సీసీ ఒకటే అయినంత మాత్రాన ఇంజన్ కూర్చోదు

ప్రశ్న: మేస్త్రి గారూ, మాది మదనపల్లె దగ్గర పల్లె. మా నాయన 2012లో కొన్న బొలెరో పికప్ ఉంది, డీఐ ఇంజన్ (పాత మెకానికల్ పంపు రకం). సీజన్‌లో తోటల నుంచి టమోటా మార్కెట్ యార్డుకు తోలుతా, వారానికి రెండు మూడుసార్లు తిరుపతికి పోతా. వచ్చేటప్పుడు సిమెంటో, కిరాణా సరుకో వేసుకొని వస్తా. ఏడాదిగా భాకరాపేట ఘాటు ఎక్కేటప్పుడు బండి రెండో గేరు దాటడం లేదు. నల్లగా పొగ కొడుతోంది. వెయ్యి కిలోమీటర్లకు లీటరు దాకా ఆయిల్ పోయాల్సి వస్తోంది. మా మెకానిక్ 2017 మోడల్ యాక్సిడెంట్ బండి ఇంజన్ ఒకటి చూశాడు. "కామన్ రైల్ ఇంజన్, నీదీ 2523 సీసీ, అదీ 2523 సీసీ, అట్లే కూర్చుంటుంది, అన్నీ కలిపి 90 వేలు, నాలుగు రోజుల్లో బండి రోడ్డెక్కిస్తా" అంటున్నాడు. ఉన్న ఇంజన్‌కే బోరింగ్ (విప్పి, లోపల అరిగినవి మార్చి సరిచేయడం) చేయిస్తే 65 వేలు అవుతుందట. అమ్మేద్దామంటే నాయన ఒప్పుకోడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, మదనపల్లె

సమాధానం:

తమ్ముడూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సీసీ గురించి మీ మెకానిక్ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. రెండూ మహీంద్రా ఇంజన్లే, రెండూ 2523 సీసీనే. పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లానే కనిపిస్తాయి. కానీ సీసీ అనేది సిలిండర్లలో ఎంత చోటుందో చెప్పే లెక్క మాత్రమే. ఆ చోటులోకి డీజిల్‌ని ఎవరు కొలుస్తారు, ఎప్పుడు పంపుతారు అనే విషయంలో ఆ రెండింటికీ ఒక తరం తేడా ఉంది. మీకు రాబోయే తలనొప్పి అంతా అక్కడే ఉంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ కామన్ రైల్ ఇంజన్ వద్దు. మార్చక తప్పదనుకుంటే మీ రకం డీఐ ఇంజన్‌లోనే, మీ దానికంటే కొత్తది, తక్కువ తిరిగినది వెతకండి. ఏ ఇంజన్ అయినా ఆర్టీవో ఆఫీసు అనుమతి చేతికి వచ్చాకే పానా పట్టుకోండి. వీటన్నిటికంటే ముందు మీ ఇంజన్ నిజంగా పోయిందా లేదా అన్నది తేల్చుకోవాలి. అది మీరే చూసుకోవచ్చు, చివర్లో చెబుతాను.

మీ డీఐ ఇంజన్ సంగతి తీసుకుందాం. దాని డీజిల్ పంపు పూర్తిగా మెకానికల్. ఇంజన్‌తో పాటే తిరుగుతుంది, డీజిల్‌ని పైపుల్లోకి తోస్తుంది. రెండు వందల బార్ పైచిలుకు ఒత్తిడి రాగానే నాజిల్ తెరుచుకొని సిలిండర్‌లోకి చిమ్ముతుంది. కాలు కింద పెడల్ తొక్కితే ఆ కదలిక నేరుగా పంపు మీది లివర్‌కు వెళ్తుంది. మధ్యలో ఆలోచించే పెట్టె ఏదీ లేదు. బ్యాటరీ పని సెల్ఫ్ కొట్టడం, లైట్లు వెలిగించడం. పంపు మీద సోలినాయిడ్ ఉంటే దానికి ఒక వైరు, అంతే. ఇలాంటి ఇంజన్‌ని నేల మీద కట్టెల మధ్య నిలబెట్టి, ఒక క్యాన్‌లోంచి డీజిల్ ఇచ్చి కూడా ఆడించి చూపించవచ్చు.

కామన్ రైల్‌లో పంపు పని వేరు. డీజిల్‌ని వెయ్యి బార్ దాటిన ఒత్తిడితో ఒక లావుపాటి గొట్టంలో నింపి ఉంచడం వరకే అది చేస్తుంది. ఆ గొట్టమే రైల్. ఏ సిలిండర్‌లోకి, ఏ క్షణంలో, ఎంత చిమ్మాలో ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ పెట్టె చెప్పాలి. అది చెప్పాలంటే క్రాంక్ ఎక్కడుందో, క్యామ్ ఎక్కడుందో, రైల్‌లో ఒత్తిడి ఎంతుందో, నీళ్ళు ఎంత వేడెక్కాయో, మీ కాలు పెడల్‌ని ఎంత నొక్కిందో దానికి తెలియాలి. ఒక్కోదానికి ఒక్కో సెన్సార్. కాబట్టి ఆ ఇంజన్ తెచ్చుకోవడమంటే ఈసీయూ, చేతి మణికట్టంత లావున్న వైరింగ్ కట్ట, ఎలక్ట్రానిక్ పెడల్, నీళ్ళు వేరుచేసే డీజిల్ ఫిల్టరు, రిటర్న్ లైన్లు, ఇమ్మొబిలైజర్ (వేరే తాళంతో స్టార్ట్ కానివ్వని పరికరం) ఉంటే దాని తాళం చెవి, మీటర్ బోర్డు, అన్నీ ఆ ఒక్క బండివే తెచ్చుకోవడం. మీ మెకానిక్ చెప్పిన 90 వేలల్లో వీటిలో ఎన్ని ఉన్నాయో అడిగి కాగితం మీద రాయించుకోండి. "ఇంజన్, గేర్‌బాక్స్ వరకే" అని సమాధానం వస్తే అసలు ఖర్చు ఇంకా మొదలవలేదని అర్థం.

మెకానిక్‌లకు ఈ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. నేనూ ఆ బడిలోనే నేర్చుకున్నాను. మా చిన్నతనంలో పెట్రోల్ జీపుల్లో మెటాడోర్ డీజిల్ ఇంజన్లు ఎక్కించిన మేస్త్రీలను కళ్ళారా చూశాం. మహీంద్రా జీపులకు ప్యూజో లైసెన్సుతో తయారైన ఎక్స్‌డీపీ ఇంజన్లు వచ్చాక, అవి వేరే బండ్లలోకి, వేరేవి వీటిలోకి ఎక్కించడం మామూలైపోయింది. 2000లో బొలెరో వచ్చినప్పుడు దాంట్లోనూ ప్యూజో రకం ఇంజనే. అప్పట్లో పనంతా ఇనుముతోనే. మధ్యలో ఒక ప్లేటు కోసి గేర్‌బాక్స్‌కి కలపాలి, ఇంజన్ కూర్చునే ఫౌండేషన్లు వెల్డింగ్ చేయాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొట్టి చేయాలి. మంచి లేత్ షాపు పక్కనుంటే ఏ ఇంజనైనా ఏ బండిలోకైనా పోయేది. ఆ పనితనాన్ని నేను తక్కువ చేయను. కానీ కామన్ రైల్‌లో ఇనుము పని అయిపోయాక ఇంకా సగం పని మిగిలి ఉంటుంది. ఆ సగం కంటికి కనిపించదు.

నాకు అది 2018లో తెలిసొచ్చింది. కడపలో నా షెడ్డుకు ఒకాయన అచ్చం మీలాంటి కోరికతోనే వచ్చాడు. ఇంజన్ ఆయనే ఒక యార్డులో కొన్నాడు. బండిని కటింగ్ చేసినప్పుడు వైరింగ్‌ను క్యాబిన్ గోడ దగ్గర కట్టర్‌తో ఒకే వేటుకు కోసేశారు. కోసిన రెండు కొసలూ గోనెసంచిలో వేసి ఇచ్చారు. నేనూ ఇద్దరు కుర్రాళ్ళూ మూడు రోజులు కూర్చొని, రంగు చూసి రంగు కలిపి, ఒక్కో వైరుకూ సోల్డరింగ్ పెట్టి, టేపు చుట్టాం. కీ తిప్పగానే ఇంజన్ అందుకుంది. షెడ్డులో అందరం చప్పట్లు కొట్టాం. నిజంగానే బండి బ్రహ్మాండంగా లాగేది.

మూడు వారాలకు రాత్రి పదకొండింటికి ఫోన్. ఎర్రగుంట్ల నుంచి సిమెంటు వేసుకొని రాయచోటి పోతుంటే గువ్వలచెరువు ఘాటులో ఆగిపోయింది. వాన. పెడల్ తొక్కినా పలకలేదట, ఆ తర్వాత ఇంజనే ఆగిపోయింది. చక్రాల కింద రాళ్ళు పెట్టి ఆయన బండి పక్కనే నిలబడి ఉన్నాడు, వెనక నుంచి లారీలు హారన్లు కొట్టుకుంటూ పక్కకు తప్పుకొని పోతున్నాయి. టార్చి పట్టుకొని ఒక్కో అతుకూ విప్పుకుంటూ వచ్చాను. క్రాంక్ సెన్సార్ వైరు మీద నేను చుట్టిన టేపు లోపల నీళ్ళు చేరాయి, రాగి మీద ఆకుపచ్చగా చిలుము పట్టింది. అది నా చేతులతో వేసిన అతుకు. ఆ చలిలో ఆ మనిషి ముఖం చూడలేకపోయాను. తర్వాత ఆ ఇంజన్ దింపి, ఆయన పాత డీఐ ఇంజన్‌కే బోరింగ్ చేయించి ఎక్కించాను. లేబర్ తీసుకోలేదు. మీరు వారం వారం ఎక్కేది ఘాటు రోడ్డు కాబట్టి ఇదంతా రాస్తున్నాను. ఊళ్ళో ఆగిపోతే తోసుకుంటాం. సిమెంటు లోడుతో మలుపులో ఆగిపోతే అది ప్రాణాల మీదికి వస్తుంది.

కంపెనీ వైరింగ్ కట్ట ఎక్కడా కోయకుండా, ఇంజన్ తీసిన బండి (డోనర్ బండి) మొత్తం ముందు పెట్టుకొని, స్కానర్ ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్‌తో చేయించిన వాళ్ళున్నారు, వాళ్ళ బండ్లు బాగానే తిరుగుతున్నాయి. కుదరదని నేను అనను. కానీ అది 90 వేల పని కాదు, నాలుగు రోజుల పని అసలే కాదు.

ఇప్పుడు కాగితాల సంగతి. చాలామంది దీన్ని చివర్లో చూసుకుందాం అనుకుంటారు, అక్కడే దెబ్బతింటారు. 1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది. ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అది చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఈ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. ఇంజన్ మార్పు గురించి కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. పది లేదా అంతకంటే ఎక్కువ రవాణా బండ్లున్న యజమానికి, అదే కంపెనీ, అదే రకం ఇంజన్ అయితే విడిగా ఆమోదం అక్కర్లేకుండా మార్చుకునే వీలు రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్‌తో ఇవ్వవచ్చు. మీలాగా ఒక్క బండి ఉన్నవాళ్ళకు ఆ వెసులుబాటు లేదు, ఆర్టీవో ఆమోదం కావాలి. ఆమోదం లేకుండా ఇంజన్ మారిపోయి ఉంటే 14 రోజుల్లో ఆర్సీ పట్టుకెళ్ళి తెలియజేయాలని కూడా అందులోనే ఉంది. బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ళ రాతపూర్వక అంగీకారం కూడా తీసుకోవాలి. 2019 సవరణలో చేర్చిన 182ఏ కింద, చట్టం ఒప్పుకోని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

"అదే రకం" అన్న మాటను మళ్ళీ ఒకసారి చదవండి. మీ బండి 2012ది, పొగ ప్రమాణాల్లో బీఎస్-3. దేశమంతటా కొత్త బండ్లకు బీఎస్-4 తప్పనిసరైంది 2017 ఏప్రిల్ 1న. మీ మెకానిక్ చూసిన ఇంజన్ ఆ తర్వాతిదైతే అది వేరే ప్రమాణానికి కట్టిన ఇంజన్, దాని సైలెన్సర్‌లో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా దాని లెక్కలో భాగమే. ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టినప్పుడు "ఇది ఆ ఇంజనే, కాస్త కొత్తది" అంటే ఆయన ఎందుకు ఒప్పుకోవాలి? అదే డీఐ ఇంజన్‌కు డీఐ ఇంజన్ అయితే ఆయనకు అడగడానికి పెద్దగా ఏమీ ఉండదు. పాత ఇంజన్ నంబరు పోయి కొత్త నంబరు ఆర్సీలో ఎక్కుతుంది, పని అయిపోతుంది.

ఎవరు చూస్తారులే అనుకోకండి. రవాణా బండికి ఎనిమిదేళ్ళు దాటాక ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, మీరు చేయిస్తూనే ఉండుంటారు. అక్కడ ఇంజన్ నంబరు చూస్తారు. ఎప్పుడైనా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ సర్వేయర్ మొదట ఫోటో తీసేది ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు. అక్కడ తేడా కనిపిస్తే ఆ క్లెయిమ్ కోసం మీరెన్నాళ్ళు తిరగాలో చెప్పలేం. ఆ టెన్షన్ మీ నాయనకు ఈ వయసులో ఎందుకు?

కాబట్టి మొదట ఆర్టీవో ఆఫీసుకు వెళ్ళి, ఫలానా ఇంజన్ పెట్టాలనుకుంటున్నానని చెప్పి, ఏమేం కాగితాలు కావాలో రాసుకొని రండి. మామూలుగా అడిగేవి: మీ ఆర్సీ, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పొల్యూషన్, ఇంజన్ కొన్న బిల్లు, ఆ ఇంజన్ వచ్చిన బండి ఆర్సీ నకలు. పని పూర్తయ్యాక బండి చూపించాలి. ఆర్సీలో కొత్త నంబరు పడగానే అదే వారం ఇన్సూరెన్స్ పాలసీలో కూడా మార్పించండి, చాలామంది ఇది మర్చిపోతారు.

ఇక ఇంజన్ వెతకడం. బీఎస్-3 బండ్లు 2017 మార్చి దాకా అమ్ముడయ్యాయి కాబట్టి, మీ రకం డీఐ ఇంజనే మీ దానికంటే మూడు నాలుగేళ్ళు కొత్తది దొరికే అవకాశం ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో, చెన్నై పుదుపేటలో ఇలాంటి సరుకు ఉంటుంది. బెంగళూరు మీకు ఇంకా దగ్గర. ఎక్కడ కొన్నా బిల్లు లేకుండా కొనకండి. బిల్లు మీద ఇంజన్ నంబరు, అమ్మినవాడి జీఎస్టీ నంబరు, వచ్చిన బండి నంబరు ఉండాలి. ఆ బండి నంబరును ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. ఇంజన్ మీది నంబరు దగ్గర నూనె తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. అంకెలు ఒకే వరుసలో, ఒకే లోతులో రావాలి. ఒక అంకె చుట్టూ ఇనుము నున్నగా అరగదీసినట్టుంటే, ధర ఎంత తక్కువైనా అక్కడి నుంచి వచ్చేయండి. దొంగ బండి ఇంజన్ ఇంటికి తెచ్చుకుంటే దాంతో పాటు పోలీసులు కూడా వస్తారు.

ఇంజన్ ఆడించి చూపించమనండి. డీఐ కాబట్టి బయట పెట్టి ఆడించడం వాళ్ళకు కష్టం కాదు. మీరు వెళ్ళేసరికే అది వేడిగా ఉంటే చల్లారే దాకా టీ తాగుతూ కూర్చోండి. చల్లటి ఇంజన్ మొదటి సెల్ఫ్‌కు ఎలా అందుకుంటుందో అదే దాని అసలు రంగు. ఆడించే ముందు డిప్‌స్టిక్ తీసి, దానికి అంటిన ఆయిల్‌ని వేళ్ళ మధ్య రుద్ది చూడండి. ఆయిల్ నల్లగా ఉంటే పర్వాలేదు, డీజిల్ ఇంజన్‌లో అది మామూలే. మజ్జిగలా తెల్లబడి ఉంటే నీళ్ళు కలిశాయి. వేలికి ఇసుకలా, మెరుపు రజనులా తగిలితే బేరింగులు అరుగుతున్నాయి. కుదిరితే ఆయిల్ ఫిల్టరు విప్పించి, దాన్ని కోసి, లోపలి కాగితం మడతలు తెరిచి చూడండి. ఇంజన్ పడ్డ కష్టమంతా ఆ మడతల్లో కనిపిస్తుంది. హెడ్ బోల్టుల మీద కొత్త పానా గీతలుంటే, జాయింట్ల దగ్గర సిలికాన్ బయటికి ఉబికి ఉంటే ఎవరో విప్పారని అర్థం. విప్పడం తప్పు కాదు. ఎందుకు విప్పారో వాళ్ళు చెప్పగలగాలి.

ఈ మధ్య ఇంకో జాగ్రత్త అవసరమైంది. 2015లో చెన్నై మునిగింది, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కాలనీలు మునిగాయి. ఎన్ని బండ్లు నీళ్ళలో నానాయో మనకు తెలుసు. అలాంటి బండి ఇంజన్‌ని పైన ప్రెషర్ వాటర్ కొట్టి, వెండి రంగు వేస్తే కొత్తదానిలా మెరుస్తుంది. ఆల్టర్నేటర్ రెక్కల సందుల్లోకి టార్చి వేసి చూడండి. ఫౌండేషన్ రబ్బర్ల వెనక, ఫ్లైవీల్ హౌసింగ్ లోపల వేలు పెట్టి చూడండి. ఎండిన సన్నటి బురద పొడి ఉంటే అది వరద ఇంజనే. సిలిండర్‌లో నీళ్ళు ఉండగా ఎవరైనా సెల్ఫ్ కొట్టి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఇప్పుడు ఆడినా రేపు బ్లాక్‌ని చీల్చుకొని బయటికి వస్తుంది. యాక్సిడెంట్ బండి ఇంజన్ అయితే ముందు దెబ్బా వెనక దెబ్బా అని అడగండి. ముందు నుంచి గుద్దిన బండికి క్రాంక్ పుల్లీ, ఆయిల్ సంప్, ఫౌండేషన్ చెవులు తప్పకుండా చూడాలి.

ఎక్కించేటప్పుడు నేనైతే ఈ పనులు చేయకుండా వదలను. వెనక క్రాంక్ ఆయిల్ సీల్ కొత్తది వేయాలి. దాని ధర చాలా తక్కువ, కానీ తర్వాత కారితే గేర్‌బాక్స్ మళ్ళీ దింపాలి. ఫ్లైవీల్ ఫేసింగ్ చేయించి క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మార్చాలి. ఫౌండేషన్ రబ్బర్లు, వాటర్ పంపు, బెల్టు, హోస్ పైపులు కొత్తవి. రేడియేటర్‌ని విప్పి రాడింగ్ చేయించాలి, అంటే గొట్టాల్లో పేరుకున్నది పొడిచి తీయించాలి, ఎందుకంటే పాత రేడియేటర్‌లో సగం గొట్టాలు మూసుకుపోయి ఉంటే మంచి ఇంజన్‌ని కూడా మొదటి ఘాటులోనే కాల్చేస్తుంది. డీజిల్ ట్యాంకు దింపి కడగాలి. పదేళ్ళు దాటిన ట్యాంకు అడుగున ఏమేం పేరుకుని ఉంటాయో కడిగిన నీళ్ళు చూస్తే మీకే తెలుస్తుంది. బ్యాటరీ నుంచి ఇంజన్‌కు, ఇంజన్ నుంచి ఛాసిస్‌కు వెళ్ళే ఎర్త్ పట్టీలు కొత్తవి వేసి, కింద పెయింటు గీకి బిగించాలి. మొదటి ఐదు వందల కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టరు మార్చేయండి.

ఇంకో మాట. ఇంజన్ మీద రూపాయి పెట్టే ముందు బండిని ర్యాంపు ఎక్కించి ఛాసిస్ చూడండి. వెనక కమాను కట్టల హ్యాంగర్ల దగ్గర, తొట్టి కింద టమోటా నీళ్ళు కారే చోట తుప్పు తిని ఉంటుంది. చిన్న సుత్తితో తడుతూ పొండి. ఖంగుమంటే మంచిదే. మెత్తగా, చచ్చిన శబ్దం వస్తే, పగులు కనిపిస్తే, అప్పుడు మీ నాయనను కూర్చోబెట్టి నిదానంగా మాట్లాడాల్సిందే. అలాంటి ఛాసిస్‌కు ఏ ఇంజన్ పెట్టినా దండగే.

ఇప్పుడు మీ ఇంజన్ దగ్గరికి వద్దాం. మీరు రెండు జబ్బులు చెప్పారు. ఒకటి నల్ల పొగతో లాగకపోవడం, రెండోది ఆయిల్ తాగడం. రెండూ ఒకే కారణంతో వస్తున్నాయని మీ మెకానిక్ అనుకున్నట్టున్నాడు. కావచ్చు, కాకపోవచ్చు. నల్ల పొగంటే డీజిల్ పూర్తిగా కాలడం లేదని. గాలి తక్కువైనా వస్తుంది, డీజిల్ ఎక్కువైనా వస్తుంది. ఎయిర్ ఫిల్టరు నిండిపోయినా, టర్బో ఉన్న బండిలో హోస్ పగిలి గాలి బయటికి పోతున్నా, నాజిళ్ళు సన్నగా చిమ్మకుండా ధారలా కారుస్తున్నా, పంపు కాలిబ్రేషన్ తప్పినా నల్లగానే కొడుతుంది. ఆయిల్ కాలితే వచ్చే పొగ నీలంగా ఉంటుంది, ముక్కుకు ఘాటుగా తగులుతుంది. మీరు నీలం పొగ అని రాయలేదు. అయితే ఆయిల్ ఎటు పోతోంది? బయటికి కారుతుండవచ్చు, వాల్వ్ సీళ్ళ నుంచి దిగుతుండవచ్చు, రింగులు అరిగి ఉండవచ్చు.

రేపు ఉదయం ఇలా చేయండి. బండి కింద రాత్రే ఒక పాత అట్టపెట్టె పరిచి పెట్టండి. పొద్దున్నే చుక్కలు ఎక్కడెక్కడ పడ్డాయో చూడండి. తర్వాత స్టార్ట్ చేసి, మీ తమ్ముణ్ణో స్నేహితుణ్ణో వెనక నిలబెట్టి మొదటి పొగ రంగు ఫోన్‌లో వీడియో తీయమనండి. ఇంజన్ బాగా వేడెక్కాక, ఐడిల్‌లో ఆడుతుండగా, ఆయిల్ పోసే క్యాప్ విప్పి దాన్ని తలకిందులుగా ఆ రంధ్రం మీదే ఊరికే పెట్టండి. వేడి ఆయిల్ చిలకవచ్చు, ముఖం దూరంగా ఉంచండి, చేతికి గుడ్డ చుట్టుకోండి. మూత సన్నగా వణుకుతూ అక్కడే కూర్చుంటే రింగులు, లైనర్లు ఇంకా పట్టు మీదే ఉన్నాయి. టపటపా ఎగిరి పక్కన పడితే, రైలింజన్‌లా బుస్సుబుస్సున పొగ తంతే మండిన గ్యాస్ రింగుల పక్కనుంచి కిందికి దిగిపోతోంది, బోరింగో ఇంజన్ మార్పో తప్పదు. ఆ తర్వాత మంచి పంపు షాపులో నాజిళ్ళు విప్పించి టెస్టర్ మీద ఎలా చిమ్ముతున్నాయో మీ కళ్ళతో చూడండి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించండి. అంకె ఎంతన్నదానికంటే నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. మూడు ఒకలా ఉండి ఒకటి బాగా పడిపోయి ఉంటే హెడ్ విప్పి వాల్వులు చూస్తే సరిపోవచ్చు.

గ్యాస్ కొడుతున్నదనే తేలితే, నన్నడిగితే మీ ఇంజన్‌కే బోరింగ్ చేయించడం మొదటి మాట, అదే రకం డీఐ సెకండ్ హ్యాండ్ ఇంజన్ రెండో మాట. బోరింగ్ చేయిస్తే ఇంజన్ నంబరు మారదు, ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగే పని లేదు. లోపల ఏం వేశారో మీకు తెలుసు. ఎవరో వాడి వదిలేసిన ఇంజన్ లోపల ఏముందో మాత్రం అది మీ బండిలో తిరిగాకే తెలుస్తుంది. కాకపోతే 65 వేలల్లో లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్, వాల్వులు, పంపు, నాజిళ్ళు అన్నీ ఉన్నాయా, ఏ కంపెనీ సామాను వేస్తాడు అన్నది ముందే రాయించుకోండి. లేత్ షాపులో పని జరిగే రోజు మీరు పక్కనే ఉండండి. సీజన్ మొదలయ్యే లోపే పెట్టుకోండి. పంట చేతికొచ్చాక తొందరలో చేయించిన బోరింగ్ నిలబడగా నేను చూసింది తక్కువ.

క్యాప్ ఎగిరిందో కూర్చుందో, అట్ట మీద చుక్కలు ఎక్కడ పడ్డాయో మళ్ళీ రాయండి. మూత కూర్చునే ఉంటే అసలు ఇంజన్ దింపే పనే రాకపోవచ్చు. పంపు, నాజిళ్ళు, వాల్వ్ సీళ్ళతోనే మీ బండి మళ్ళీ మూడో గేరులో భాకరాపేట ఎక్కుతుందని నా నమ్మకం.